చెద ముట్టని ఉయ్యాల

ఫిబ్రవరి 9

ఇవాళ నాన్న మీద ఇంతెత్తున లేచాను. కారణం ఒక గరుకు కాగితం ముక్క.

పొద్దున చెల్లి ఫోన్ చేసింది. నాలుగో నెల దాటిందట. ఈసారి నిశ్చింతగా ఉండమని డాక్టరమ్మ చెప్పిందట. ఇంతకుముందు రెండుసార్లు మూడో నెలలోనే పోయాయి కాబట్టి ఇప్పటిదాకా ఇంట్లో ఎవరమూ గట్టిగా ఊపిరి తీసుకోలేదు. అది కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది, చివరికి అసలు సంగతికొచ్చింది. నాన్న చేసిన ఉయ్యాల కావాలట. మేమిద్దరం పడుకున్నదే. అది ఇంట్లోకొస్తే బిడ్డ నిలుస్తుందని దాని నమ్మకం. చదువుకున్నదానివి, ఇదేం పిచ్చే అన్నాను. పిచ్చే, తెచ్చిపెట్టు అంది.

నేను బజారుకెళ్ళి వచ్చేసరికి నాన్న బాల్కనీలో ఉన్నాడు. డెబ్భై మూడేళ్ళ మనిషి, స్టూలెక్కి అటక మీంచి ఉయ్యాల దించేశాడు. ఒళ్ళో పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. కనుబొమ్మల మీద పొడి, మీసం మీద పొడి, పక్కన టీ గ్లాసు మీద కూడా పొడి. రుద్దిన చోట పాత వార్నిష్ పోయి చెక్క బయటపడింది. లేత ఆకుపచ్చ.

ఆ రంగు నాకు తెలుసు. రోజుకి ఎనిమిది గంటలు దాన్నే చూస్తాను.

కాగితం లాక్కున్నాను. టీ సింకులో పారబోశాను. ముందు వెళ్ళి తలస్నానం చెయ్, నోరు పుక్కిలించు, ఆ చొక్కా నాకివ్వు అని అరిచాను. ఆయన బిత్తరపోయి చూశాడు. దుమ్ము నీ ఊపిరితిత్తులకి పడదు అన్నాను. ముప్పై రెండేళ్ళు దుమ్ములోనే బతికినవాడికి ఇవాళే పడకపోవడమేంటని గొణుక్కుంటూ వెళ్ళాడు.

తడిబట్టతో బాల్కనీ మూడుసార్లు తుడిచాను. ఆ బట్టనీ, చొక్కానీ కవర్లో మూటకట్టాను.

ఫిబ్రవరి 10

ఉయ్యాలకి దుప్పటి చుట్టి యార్డుకి తెచ్చాను. మా దగ్గర మంచి వార్నిష్ వేసేవాళ్ళున్నారని నాన్నకి చెప్పాను. అబద్ధం. వార్నిష్ వేసేవాళ్ళు కాదు కదా, మా యార్డులో వార్నిష్ డబ్బా కూడా లేదు.

మా దగ్గరున్నదల్లా పాత కలప. పీకేసిన కరెంటు స్తంభాలు, కంచె గుంజలు, పడవల రేవులో పలకలు, పార్కుల్లో విరగ్గొట్టిన జారుడుబల్లలు. అన్నిటికీ ఒకటే జబ్బు. చెద పట్టకూడదని, కుళ్ళకూడదని ఒకప్పుడు వాటికి మందు ఎక్కించారు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్. కలప నిజంగానే కుళ్ళలేదు. ఇప్పుడదే తంటా. కాలిస్తే పొగంతా విషం, పూడిస్తే మట్టంతా విషం. మేం ఆ కలపని చిప్స్ కొట్టి, యాసిడ్‌లో నానబెట్టి, లోహాలని బయటికి లాగుతాం. కడిగిన చిప్స్ బోర్డులు చేసేవాళ్ళకి వెళ్తాయి. లోహాలు డబ్బాల్లోకి వెళ్తాయి. నాది కొలిచే పని. చేతిలో ఎక్స్-రే గన్ ఉంటుంది. చెక్కకి ఆనించి ట్రిగ్గర్ నొక్కితే ఏ లోహం ఎంత ఉందో స్క్రీన్ మీద చెప్పేస్తుంది.

ఉయ్యాల పైకమ్మీకి ఆనించాను. పళ్ళొచ్చేటప్పుడు పిల్లలు నోరుపెట్టి చీకే కమ్మీ అది. దాని మీద చిన్న చిన్న పంటి గాట్లున్నాయి. నావో, చెల్లివో.

ఫిబ్రవరి 11

ఆర్సెనిక్ 1,840, పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు. మూడుసార్లు కొలిచాను.

ఫిబ్రవరి 14

ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే నాకు తల పగిలిపోయేలా ఉంది.

నాన్న ఆ మందు ఎక్కించే ఫ్యాక్టరీలో పనిచేశాడు. వాల్వులు తిప్పే పని. రైలుపెట్టె అంత పొడుగు ఇనుప సిలిండరు, దాంట్లోకి ట్రాలీల మీద కలప తోసి తలుపు బిగిస్తారు. వాక్యూమ్ పెట్టి చెక్కలో ఉన్న గాలంతా పీల్చేస్తారు. అప్పుడు మందు వదిలి, ప్రెషర్ పెడతారు. ఊపిరాడక నోరు తెరిచిన చెక్క మందుని గటగటా తాగేస్తుందని నాన్న చెప్పేవాడు. మా ఇద్దరికీ నిద్రపుచ్చే కథలు అవే.

నేను పుట్టబోతున్నప్పుడు ఆయన ఉయ్యాల సొంతంగా చేశాడు. ఒక్క మేకు లేకుండా, అన్నీ చెక్క చీలలతోనే. చేసి ఊరుకోలేదు. ఒక శనివారం ఆఖరి బ్యాచ్‌లో, కరెంటు స్తంభాల మధ్యన, ట్రాలీ మీద దాన్ని పడుకోబెట్టి సిలిండర్లోకి పంపాడు. నా బిడ్డ ఉయ్యాలని చెద ముట్టకూడదు అని. ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఇది చెప్పి మురిసిపోయేవాడు. నలభై ఒక్కేళ్ళయింది, నిజంగానే చెద ముట్టలేదు.

ఈ కథ వందసార్లు విన్నాను. ఈ ఉద్యోగంలో చేరాక ఒకసారి గుర్తొచ్చింది కూడా. అటక మీదుంది, ఎవరి జోలికీ పోవడం లేదు, పడి ఉండనీ అనుకున్నాను. ఎంత తెలివో.

ఇంకో సంగతి. నాన్న ముప్పై రెండేళ్ళు లోపలికి ఎక్కించిన దాన్నే నేను తొమ్మిదేళ్ళుగా బయటికి తీస్తున్నాను. ఆయనకి ఈ ముక్క చెప్పలేదు. పాత కలప శుభ్రం చేస్తామని చెప్పాను. దేన్ని శుభ్రం చేస్తారమ్మా అని ఒకసారి అడిగితే, బురద అన్నాను.

ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? నాన్న కుప్పకూలతాడు. చెల్లికి తెలిస్తే పోయిన ఆ ఇద్దరినీ తవ్వి తీసి ఈ ఉయ్యాలకి అంటగడుతుంది. ఈ కడుపుతో అది ఆ ఏడుపు ఏడవకూడదు. అందుకని నేను ఏమీ చెప్పదలుచుకోలేదు. ఉయ్యాలని ఉయ్యాలగానే కడుగుతాను. జులై దాకా టైముంది.

ఫిబ్రవరి 20

ట్యాంకుల దగ్గర పనిచేసే ఆయన్ని మేం నిమ్మకాయ అంటాం. మొదట్లో ఆయన నిమ్మపులుసు యాసిడ్‌తోనే కడగాలని పట్టుబట్టాడు, అది ఒక కారణం. రెండో కారణం ఆయన మొహం.

ఇవాళ ఆయనకి అంతా చెప్పాను. వినీ వినగానే జరగని పని అన్నాడు. చిప్స్ అయితే లోపల దాక్కోవడానికి చోటుండదు, నిండు చెక్కలోంచి లోహం ఎలా వస్తుంది, ఏళ్ళు పడుతుంది అన్నాడు. నాకు తెలీదా అన్నాను. తెలిసి ఎందుకు అడుగుతున్నావన్నాడు. ఉయ్యాలకి చుట్టిన దుప్పటి విప్పాను. కాసేపటికి తనే వెళ్ళి మూల ఉన్న పాత ట్యాంకు కడిగాడు. ఆక్సాలిక్ యాసిడ్ కలిపి, వేడి పెట్టి, ఉయ్యాలని రెండు చేతులతో దింపాడు, లోపల పసిపిల్ల ఉన్నట్టు.

మార్చి 6

రెండు వారాల్లో నాలుగుసార్లు యాసిడ్ మార్చాం. ఇవాళ పైకమ్మీ మీద 290! నిమ్మకాయ పళ్ళు కనిపించేలా నవ్వాడు. ఆయనకి పళ్ళున్నాయని నాకిప్పుడే తెలిసింది.

మార్చి 10

ఆరిన తర్వాత 620.

చెక్క ఆరేటప్పుడు లోపలి తడి పైకి వస్తుంది. వస్తూ వస్తూ లోపలున్న దాన్ని వెంటబెట్టుకొస్తుంది. పైపైన కడిగాను. లోపల అంతా అలాగే ఉంది. ఈ మాట కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెప్తాను, సిగ్గులేకపోతే సరి. మళ్ళీ ట్యాంకులో పెట్టాం.

చెల్లి ఫోన్. వార్నిష్ ఆరిందా అని అడిగింది. ఆరుతోంది అన్నాను.

మార్చి 12

నాన్న యార్డుకొచ్చాడు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నేను గ్లోవ్స్, మాస్కు, రబ్బరు ఏప్రన్‌లో ట్యాంకు మీద వంగి ఉన్నాను. వెనక ఎవరో దగ్గారు. నెల దాటింది, మీవాళ్ళకి వార్నిష్ వేయడం చేతకావడం లేదేమోనని తనే డబ్బా, కొత్త బ్రష్షూ కొనుక్కుని రెండు బస్సులు మారి వచ్చాడట. గేటు దగ్గర నా పేరు చెప్తే వాచ్‌మన్ లోపలికి పంపేశాడు.

దాచడానికి చోటు లేదు. ట్యాంకు పక్కనే నిలబడి లోపలికి చూశాడు. ఉయ్యాల నీళ్ళలో మునిగి ఉంది. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. చాలాసేపు చూశాడు. నా గ్లోవ్స్ చూశాడు, మాస్కు చూశాడు. మళ్ళీ నీళ్ళు చూశాడు.

"ఇది మా మందు రంగు కదా అమ్మా?"

అవునన్నాను.

వార్నిష్ డబ్బా జాగ్రత్తగా కింద పెట్టాడు. బ్రష్షు దాని మీద పెట్టాడు. గేటు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పిలిస్తే ఆగలేదు. నిమ్మకాయ మోటార్ సైకిల్ వేసుకుని వెనకే వెళ్ళాడు కానీ, బస్సెక్కేదాకా దూరంగా ఉండి చూసి వచ్చేశాడు.

మార్చి 13

రెండు టీలు పెట్టాడు, నాదీ తనదీ. తనది తాగలేదు.

మార్చి 14

మాట్లాడలేదు.

మార్చి 15, ఉదయం 6:20

మాట్లాడాడు. ఇందాకే. మర్చిపోకముందే రాస్తున్నాను, ఆఫీసుకి లేటయినా సరే.

వంటింట్లో నా వెనక నిలబడి, నీ ఉద్యోగం ఏమిటో నాకు ఎప్పుడో తెలుసు అన్నాడు. నేను గిన్నె కింద పెట్టేశాను. నీ చొక్కా చేతుల అంచుకి ఉండే ఆకుపచ్చ మరక, మీ అమ్మ ముప్పై రెండేళ్ళు నా చొక్కాలకి ఉతికిన మరకే కదా అన్నాడు. నీ బట్టలు మెషిన్లో వేసేది నేనేగా అన్నాడు. తొమ్మిదేళ్ళ నుంచి తెలిసీ నోరు మెదపలేదు. నువ్వు బురద అంటే నేనూ బురదే అన్నట్టు ఉండిపోయాను, నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్తావని ఊరుకున్నాను అన్నాడు.

మరి ఉయ్యాల సంగతి? స్తంభాలంటే వానలో, మట్టిలో ఉంటాయి కాబట్టి కారుతుంది, కడగాల్సిందే అనుకున్నాడట. ఉయ్యాల ఇంట్లోది, పొడిగా ఉంటుంది, పైన వార్నిష్ ఉంది. ఒకసారి ఆరితే మందు చెక్కలో బిగుసుకుపోతుంది, మళ్ళీ బయటికి రాదు అని వాళ్ళకి చెప్పారట. నమ్మనివాళ్ళ ముందు సూపర్‌వైజరు ఆరిన చెక్కని నాలుకతో నాకి చూపించేవాడట. చూశాక ఇంకెవరు నమ్మరమ్మా అన్నాడు.

తర్వాత అడిగాడు, మీ ఇద్దరికీ అది ఏం చేసింది అని. నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. చీకితే ఎంతో కొంత ఒంట్లోకి వెళ్ళే ఉంటుంది, కానీ ఆర్సెనిక్ ఒంట్లో కాపురం పెట్టదు, కొన్నాళ్ళలో బయటికి పోతుంది, మేమిద్దరం గుండ్రాళ్ళలా ఉన్నాం. మరి చిన్నదానికి పోయిన ఇద్దరూ? అది కారణం కాదు నాన్నా, డాక్టరమ్మని నేను విడిగా వెళ్ళి అడిగాను, కాదంది అన్నాను. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ చెప్పాను. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెట్టంత మనిషి, ఆ కుర్చీలో ఇంతయిపోయాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మా ఇంట్లో ఇలా చేతులు పట్టుకునే అలవాటు లేదు, ఇద్దరికీ కొంచెం ఇబ్బందిగానే ఉంది, అయినా వదల్లేదు.

టీ తాగాడు. మొత్తం గ్లాసు. తాగి, ఇంతకీ దాన్ని ఎలా లాగుతున్నావే అన్నాడు. యాసిడ్‌లో నానబెడుతున్నాం అన్నాను. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. నన్ను చూసి, పని రానివాళ్ళని చూసి నవ్వినట్టు.

"నానబెడితే వస్తుందా తల్లీ? మేం నానబెట్టి లోపలికి పంపామా? గాలి లాగాం, ప్రెషర్‌తో తోశాం. వెళ్ళిన దారినే రమ్మనాలి దాన్ని."

మార్చి 19

మా డైరెక్టర్ గారికి రూల్సంటే ప్రాణం. నాన్న వచ్చి పని చూపిస్తాడంటే సరేనన్నారు కానీ, విజిటర్ పాస్, సంతకం, హెల్మెట్, కళ్ళజోడు, రెండు జతల గ్లోవ్స్ అన్నారు. నాన్న గ్లోవ్స్ తొడుక్కుని వేళ్ళు ఆడించి చూసుకున్నాడు. ముప్పై రెండేళ్ళలో ఒక్క జత ఇచ్చిన పాపాన పోలేదు, ఇవాళ ఒక్కరోజుకే రెండు జతలా అన్నాడు.

ఉయ్యాల విప్పాడు. చిన్న సుత్తితో చీలల్ని వెనక నుంచి తడితే ఒక్కోటీ బుద్ధిగా బయటికొచ్చింది. నలభై ఒక్కేళ్ళ క్రితం ఏ చీల ఎటు నుంచి కొట్టాడో చేతికి ఇంకా గుర్తుంది. మొత్తం ఇరవై మూడు ముక్కలు. ల్యాబ్‌లో వాడని చిన్న ఆటోక్లేవ్ ఉంది, గట్టి మూత ఉన్న ఉక్కు డ్రమ్ము. ముక్కలన్నీ అందులో పట్టాయి.

వాక్యూమ్. యాసిడ్. ప్రెషర్. యాసిడ్ వదిలేసి మళ్ళీ వాక్యూమ్. ఇలా రోజుకి ఆరుసార్లు. గేజీ ఉంది, అందరం గేజీని చూస్తాం. నాన్న చూడడు. పైపు మీద అరచెయ్యి పెట్టి, చెక్క ఇప్పుడు వదుల్తోంది, ఇంకో రెండు నిమిషాలాగు అంటాడు. రెండు నిమిషాలాగితే గేజీ ముల్లు కదుల్తుంది. నిమ్మకాయ ఆయన వెనకాలే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళలో నాకు ఒక్కసారి కూడా అంత మర్యాద ఇవ్వలేదు.

మార్చి 27

ఆరబెట్టి కొలిస్తే 96. ఆరిన తర్వాతే! పెరగలేదు. మూడు రోజులాగి కొలిచినా 96.

ఏప్రిల్ 3

41.

డైరెక్టర్ గారు గన్ నా చేతిలోంచి తీసుకుని తనే కొలుచుకున్నారు. చిప్స్ కొట్టకుండా నిండు పలకల్ని ఇంత కడగగలిగితే మా యార్డు పనే మారిపోతుందన్నారు. నాన్నని వారానికి రెండు రోజులు వచ్చి మాకు నేర్పించమని అడిగారు. సలహాదారు అట. బస్సులో నాన్న మాటిమాటికీ ఆ మాట అనుకున్నాడు. రిటైరయ్యాక ప్రమోషన్ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో అన్నాడు. కిటికీ పక్కన కూర్చుని అరచేతులు చూసుకున్నాడు.

నాకు అమ్మ గుర్తొచ్చింది. ఉండి ఉంటే, ఇప్పుడు బయటికి తీస్తున్నారా, అప్పుడే తీసి ఉంటే నాకు ఆ మరకలు తప్పేవిగా అనేది.

ఏప్రిల్ 9

41. 43. 41. ఇక దిగడం లేదు. క్రోమియం కొరకరాని కొయ్యలా కూర్చుంది, ఆర్సెనిక్‌ని కూడా వదలడం లేదు. ఏడు రోజులు, నలభై రెండు సార్లు.

బోర్డులకైతే ఇది పండంటి అంకె. నిమ్మకాయ అదే అన్నాడు. వార్నిష్ మూడు పూతలు వేస్తే సరిపోతుందేమో అని కూడా అన్నాడు, నా మొహం చూడకుండా.

చెల్లికి ఏడో నెల రాబోతోంది. బిడ్డ తంతోందట. ఉయ్యాల ఎక్కడ, ఉయ్యాల ఎక్కడ అని రోజుకోసారి.

ఏప్రిల్ 10

నాన్న ఆటోక్లేవ్ మూత తెరిచి, పైకమ్మీ ముక్క బయటికి తీసి, తడి తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"లెక్కలు నాకొద్దు. దీంట్లో నీ బిడ్డని పడుకోబెడతావా?"

నాకు పిల్లల్లేరు. పెళ్ళే కాలేదు. అయినా ఆ ప్రశ్న నాకెక్కడో తగిలింది. చెల్లిని నేనే ఎత్తుకుని పెంచాను, దాని బిడ్డ నా బిడ్డ కాదా. 41 అంటే తక్కువ. చాలా తక్కువ. ఎంత కష్టపడితే వచ్చింది. ఆ కమ్మీ మీద పంటి గాట్ల మీద వేలు పెట్టి చూస్తూ ఉండిపోయాను.

నాన్న తల ఊపాడు. సరేలే అన్నాడు.

ఏప్రిల్ 11

పొద్దున్నే వచ్చాం. ఇరవై మూడు ముక్కల్నీ వరసగా పేర్చి, టేపు పెట్టి కొలిచి, పాత క్యాలెండర్ వెనక రాసుకున్నాడు. పొడుగు, మందం, చీల ఎక్కడ, వంపు ఎంత. నన్ను రాయమనలేదు. తనే రాశాడు.

తర్వాత చిప్స్ కొట్టే మిషన్ దగ్గరికి వెళ్ళాడు. స్విచ్ వేయమన్నాడు. నిమ్మకాయ నా వైపు చూశాడు, నేను తలూపాను. ఒక్కో ముక్కా నాన్నే తోశాడు. కోళ్ళు, అడుగు పలకలు, పక్క కమ్మీలు. తోసిన ప్రతిసారీ మిషన్ గట్టిగా అరిచింది, మళ్ళీ ఆగింది. ఆఖరికి పైకమ్మీ మిగిలింది. అది మటుకు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. అదొక్కటి ఉంచుకుందాం నాన్నా, గాజుపెట్టెలో పెట్టుకుందాం అన్నాను. ఉంచుకుంటే ఎప్పుడో ఎవరో ఒకరు నోట్లో పెట్టుకుంటారు అన్నాడు. తోసేశాడు.

ఏడ్చాను. మాస్కు ఉంది కాబట్టి బతికిపోయాను. నిమ్మకాయకి మాస్కు లేదు పాపం.

ఏప్రిల్ 13

చెల్లికి నాన్నే చెప్పాడు. నేను చెప్తానంటే వినలేదు. చేసింది నేను, చెప్పాల్సింది నేను అన్నాడు.

దాని గదిలో మంచం పక్కన కుర్చీ వేసుకుని, మొదటి నుంచీ చెప్పాడు. ఆ శనివారం, ఆ ట్రాలీ, స్తంభాల మధ్యన ఉయ్యాల. ఇప్పుడు గర్వంగా కాదు. చెల్లి కదలకుండా వింది. మరిది గారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. నేను అనుకున్న ప్రశ్నే అది అడిగింది. మరి నా ఇద్దరూ? నేను దాని కళ్ళలోకి చూసి, కాదే అన్నాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. నువ్వే వెళ్ళి అడుగు, నన్ను నమ్మకు అన్నాను.

ఆపైన నాన్న చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. అక్క ఆ ఉయ్యాల్లో నాకంటే ఎక్కువ రోజులు పడుకుందిగా, దానికి నోట్లో ఆ చేదెక్కడిదో ఇవాళ తెలిసింది నాన్నా అంది. మరిది గారు పక్కకి తిరిగి నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆ చెయ్యి తీయకుండా భుజాలు కదిలేలా ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు.

ఏప్రిల్ 20

కడిగిన చిప్స్‌లో ఉయ్యాల ఏదో, రేవు పలకలు ఏవో ఇక తెలీదు. ఆ లాటు మొత్తం కొలతలో పాసయింది. సంతకం నాదే.

మే 18

నాన్న కొత్త ఉయ్యాల మొదలుపెట్టాడు. క్యాలెండర్ వెనక కొలతలే. కలప అడితి నుంచి తనే ఎంచి తెచ్చుకున్నాడు, ఏ మందూ తగలని తెల్ల చెక్క. చేవ ఉన్నది తెచ్చుకోవచ్చుగా, గట్టిగా ఉండేది అన్నాను. బిడ్డ తన్నినా కదిలేంత తేలికగా ఉండాలి, ఇదే బాగుంటుంది అన్నాడు. బాల్కనీ నిండా పొడి. ఈసారి నేను అరవలేదు. టీ గ్లాసు కూడా తీయలేదు.

వార్నిష్ వద్దన్నాడు. ఆ డబ్బా యార్డులో అలాగే ఉంది. మీసం మీది పొడి తుడుచుకుంటూ ఉంటే నేను నోరు జారాను. ఇంత మెత్తటి చెక్క, పైన పూతైనా లేదు, పురుగు పడుతుందేమో నాన్నా అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను.

ఆయన చీల సూటిగా ఉందా లేదా అని ఒక కన్ను మూసి చూస్తున్నాడు. చూస్తూనే అన్నాడు.

"పడనీ. పురుగు తినగలిగిందంటే మన బిడ్డ నోటికీ ఫరవాలేదన్నమాట."

జూన్ 2

ఉయ్యాల అయింది. నాన్న పడుకున్నప్పుడు గన్ తెచ్చి పైకమ్మీకి ఆనించాను. ఏమీ లేదు. స్క్రీన్ మీద గీతలు మాత్రమే. వెనక నుంచి, ఎంతొచ్చింది అని అడిగాడు. నిద్రపోలేదన్నమాట.

జులై 12, ఉదయం 9:40

పాప. రెండు కిలోల తొమ్మిది వందలు. చెల్లి బాగుంది. నాన్న హాస్పిటల్ వరండాలో నర్సులందరికీ తను సలహాదారునని చెప్పుకుంటున్నాడు, దేనికో మాత్రం చెప్పడం లేదు.

మార్చి 8, ఉదయం 7:15

చెల్లి ఇంట్లో ఉన్నాం. పాపకి ఎనిమిదో నెల, కింద రెండు పళ్ళొచ్చాయి. ఉయ్యాల పైకమ్మీ మీద గాట్లు, తడితడిగా. వంగి చూస్తుంటే కోడు పక్కన నేల మీద పసుప్పచ్చటి పొడి కనిపించింది, చిటికెడు. కోడుకి సూది మొనంత కన్నం. నాన్నని పిలిచాను. కళ్ళజోడు పెట్టుకుని నేల మీద కూర్చుని ఆ కన్నం చూశాడు. లేచి పైకమ్మీ చూశాడు. ఇద్దరూ తింటున్నారు అన్నాడు.